చివరి గొలుసు దగ్గర ఏనుగుల యుద్ధం

పెళ్ళిలో ప్రయూన్‌కు ఏ పనీ అప్పజెప్పకూడదని ఇంట్లో ఆడవాళ్ళంతా ముందే ఒక మాట అనుకున్నారు. పెళ్ళికూతురు నోయ్‌నా వింటేనా! చివరి గొలుసు పెదనాన్నే పట్టుకోవాలని మొండికేసింది.

థాయ్‌లాండ్‌లోని అయుత్థయలో మగపెళ్ళివారు డోళ్ళు వాయిస్తూ, అరటిమొక్కలు మోసుకుంటూ వస్తే, ఆడపెళ్ళివారు గుమ్మం ముందు గొలుసులు అడ్డంగా పట్టుకుంటారు. పెళ్ళికొడుకు డబ్బుల కవరు చేతిలో పెట్టగానే దించేస్తారు. ఇంత చిన్న పనిలో చెడగొట్టడానికి ఏముంటుందని ప్రయూన్ సంగతి తెలియనివాళ్ళు అనుకోవచ్చు.

ఆయనకు చరిత్ర పిచ్చి. టీవీలో డాక్యుమెంటరీ వస్తే వ్యాఖ్యాత కంటే ఈయన గొంతే ఎక్కువ వినిపిస్తుంది. మంచం కింద పట్టినన్ని పుస్తకాలు కుక్కి, మిగిలినవి భార్య లమ్యాయ్ పట్టుబట్టల బీరువాలోకి ఎక్కించాడు. మ్యూజియంలో గైడు ఈయన్ని చూడగానే తన గుంపును పక్క గదిలోకి తోలుకుపోతాడు. ఆయన చెప్పేది నోరు తెరుచుకుని వినేది తమ్ముడి కూతురు నోయ్‌నా ఒక్కతే. ఆదివారం వస్తే ఇద్దరూ మ్యూజియంలోనే ఉండేవారు. ఈ పెళ్ళయితే ఆ పిల్ల దక్షిణాన చుంఫోన్ వెళ్ళిపోతుంది. ఆ మాట తలుచుకుంటే ప్రయూన్‌కు నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు.

పెళ్ళికొడుకు దెచా చెమటలు కక్కుతూ చివరి గొలుసు దాకా వచ్చి కవరు చాపాడు. ఏసీలు బాగుచేసే కుర్రాడు, పాపం నెమ్మదస్తుడు.

"కవరు నాకొద్దు బాబూ. ఒక ప్రశ్న అడుగుతా, చెప్పు" అన్నాడు ప్రయూన్.

గొలుసు రెండో కొస పట్టుకున్న లమ్యాయ్ నెత్తి కొట్టుకుంది. "మొదలెట్టాడమ్మా! ముహూర్తం దాటిపోతోందయ్యా!"

"దాటదులే. చెప్పు బాబూ, వెనకటికి మన ఊళ్ళో సింహాసనం కోసం అన్నదమ్ములిద్దరు ఏనుగులెక్కి కొట్టుకున్నారు. గెలిచిందెవరు?"

దెచా బుర్ర గోక్కున్నాడు. "పెద్దాయనండీ?"

"కాదు."

"అయితే చిన్నాయన."

"ఊహూఁ."

వెనక నుంచి ఎవరో అరిచారు. "ఏనుగు గెలిచిందని చెప్పరా, పీడా పోతుంది!" డోళ్ళవాళ్ళు కూడా వాయించడం ఆపి నవ్వారు. ప్రయూన్ మాత్రం గొలుసు ఇంకా బిగించి పట్టుకున్నాడు. అడుగుతున్నది పరీక్ష కోసం కాదని ఆయనకు తెలుసు. ఇది దించితే పిల్ల వెళ్ళిపోతుంది, అంతే.

మేడ మీద కిటికీ తలుపు భళ్ళున తెరుచుకుంది. తలలో పూలు సగం పెట్టించుకున్న నోయ్‌నా బయటికి వంగింది.

"పెదనాన్నా! వాడికి జవాబు తెలిస్తే నేను ఒప్పుకునేదాన్నే కాదు. చెప్పడానికి నేనున్నాగా, ఆ ఇంట్లో వినేవాడు కావాలి. పెద్దమ్మకి నువ్వు చెప్పి చెప్పి ఏం బావుకున్నావు?"

"బాగా అడిగావే తల్లీ!" అంది లమ్యాయ్.

అందరూ గొల్లున నవ్వారు. ప్రయూన్‌కు నవ్వు రాలేదు. తను చెప్పినదంతా ఈ పిల్ల మూట కట్టుకుని తీసుకుపోతోందన్నమాట. చుంఫోన్‌లో ఇంకో ఇంట్లో టీవీ ముందు ఇంకొకరు గొంతు పెంచుతారన్నమాట. సంతోషమో దుఃఖమో తేల్చుకోలేక ఆ కోపం దెచా మీద చూపించాడు.

"ఎవరూ గెలవలేదోయ్! ఇద్దరూ చచ్చారు!"

దెచా కవరు సంగతి మర్చిపోయాడు. ముహూర్తం సంగతీ మర్చిపోయాడు. ఒక అడుగు ముందుకేసి, "అయ్యో! మరి రాజ్యం ఎవరికొచ్చింది మావయ్యగారూ?" అని అడిగాడు.

ప్రయూన్ నోరు తెరిచాడు. మూడో తమ్ముడు రాజైన కథ, అన్నలిద్దరి కోసం అతను కట్టించిన గుడి, ఆ గుడి అడుగున దొరికిన బంగారం, అన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. మేళం మేళమంతా ఉసూరుమంది.

ప్రయూన్ ఒకసారి కిటికీ వైపు చూసి గొలుసు వదిలేశాడు.

"అది తర్వాత చెప్తాలే. ముందు లోపలికి నడు, పిల్ల ఎదురుచూస్తోంది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట 'తర్వాత చెప్తా' అన్న మాట లమ్యాయ్ ఎన్నడూ వినలేదు. తన చేతిలోని కొస దించడం కూడా మర్చిపోయి, అలా మొగుడి ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది.