పేర్లు కొట్టిన ఉలి

నేను ఒక ఉలిని. ఉలి అనగానే మీకు గుళ్ళూ గోపురాలూ, రాతిలోంచి బయటికొచ్చే దేవుళ్ళూ గుర్తుకొస్తే ఆ తప్పు నాది కాదు. నేను చిటికెన వేలంత ఉంటాను. దేవుళ్ళని చెక్కే భాగ్యం నాకు దక్కలేదు. నేను చెక్కినవన్నీ మనుషుల పేర్లే. అవి కూడా గిన్నెల మీద, గ్లాసుల మీద, చెంబుల మీద. మీ ఇంటి అటక మీద పాత గిన్నె ఏదైనా ఉంటే ఒకసారి దించి అంచు దగ్గర చూడండి. చుక్కలు చుక్కలుగా ఎవరి పేరో కనిపిస్తుంది. ఆ పేరు కొట్టింది నేనో, నాలాంటి ఇంకో ఉలో అయి ఉంటుంది. ఎవరు కొట్టారని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

తుని బస్టాండు వెనక ఒక కమ్మరి, పాత లారీ స్ప్రింగు ముక్కని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి నన్ను చేశాడు. లారీ కింద ఉన్నప్పుడు ఎన్ని ఊళ్ళు తిరిగానో నాకు తెలీదు. ఉలినయ్యాక మాత్రం ఒకే కొట్లో ఒకే చేతిలో ఉండిపోయాను. ఆ చెయ్యి గ్రంధి సత్యలింగానిది. బజారు వీధిలో ఆయనకి గిన్నెల కొట్టు ఉండేది. బోర్డు మీద ఏదో అమ్మవారి పేరు రాయించాడు గానీ దాన్ని చదివినవాళ్ళు లేరు. ఊరందరికీ అది సత్యలింగం కొట్టే.

ఆ రోజుల్లో బజారుకి వెళ్ళడమంటే ఒక పూట పని. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు మొదటి బస్సుకే దిగేవారు. ముందు బట్టల కొట్లో చాప మీద కూర్చుని చీరలన్నీ విప్పించి, పచారీ కొట్లో మిరపకాయల ఘాటుకి తుమ్మి, చివరికి మా కొట్టుకి వచ్చేవారు. వచ్చీ రాగానే మంచినీళ్ళు అడిగేవారు. సత్యలింగం పీటలు వేయించేవాడు. వేలు మడిచి గిన్నె మీద కొట్టి చప్పుడు వినేవారు. వెలుతురు వైపు పట్టుకుని చూసేవారు. నచ్చిందని మాత్రం ఛస్తే ఒప్పుకునేవారు కాదు. ధర చెప్పగానే లేచి విసవిసా వెళ్ళిపోయేవారు. అలా వెళ్ళి సోడా కొట్టు దగ్గర ఆగి, చెప్పు సర్దుకునే వంకతో వెనక్కి చూసేవారు. సత్యలింగం పిలిచేవాడు. పిలుస్తాడని వాళ్ళకీ తెలుసు, ఆగుతారని ఈయనకీ తెలుసు. అయినా ప్రతిసారీ అంత తతంగమూ జరగాల్సిందే.

అమ్మమ్మల నాటి ఇత్తడి బిందెలు తెచ్చి తూకానికి పడేసి, తళతళలాడే స్టీలు పట్టుకెళ్ళేవారు. చింతపండుతో తోమే బాధ తప్పిందని మురిసిపోయేవారు. ఇప్పుడు అవే ఇత్తడి బిందెల్ని ఎగబడి కొనుక్కుని హాల్లో అలంకారానికి పెట్టుకుంటున్నారట. మనుషుల సంగతి నాకెప్పుడూ అంతుపట్టలేదు.

బేరం కుదిరాక నా వంతు వచ్చేది. గిన్నె మీద పేరు పడకపోతే అది సొంతమైనట్టు కాదు. పక్కింటి పెళ్ళికి ఎరువు ఇచ్చిన గిన్నె తిరిగి రావాలంటే దాని మీద పేరు ఉండాలి. ఎవరి పేరు? వండేది, తోమేది, బోర్లించేది ఆడవాళ్ళే అయినా పేరు మాత్రం ఇంటాయనది. ఇక్కడే పెద్ద చిక్కు వచ్చిపడేది. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కదా!

ఒకసారి కోటనందూరు వైపు నుంచి ఒకావిడ పెద్ద గిన్నె కొంది.

"పేరు చెప్పమ్మా" అన్నాడు సత్యలింగం.

"మా ఆయన పేరేనండి."

"అదే, ఆయన పేరేంటి?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కొండ మీద దేవుడండి" అంది.

తునిలో కూర్చుని కొండ మీద దేవుడంటే ఇంకెవరు గుర్తొస్తారు? అన్నవరం పక్కనే ఉంది. సత్యనారాయణ అని కొట్టేశాం. ఆవిడకి చదువు రాదు. సంతోషంగా పట్టుకెళ్ళింది. మర్నాడు మొగుడు గిన్నె సంకన పెట్టుకుని దిగాడు.

"ఈ సత్యనారాయణ ఎవడండీ బాబూ? మా వంటింట్లోకి ఎలాగొచ్చాడు?"

ఆయన పేరు సింహాచలం. ఆవిడ చెప్పింది ఆ కొండ!

ఇలాంటి పొరపాట్లు మాకు తరచూ జరిగేవి. ఒకావిడ రాముడి తమ్ముడంటే మేము లక్ష్మణరావని కొట్టాం, తీరా చూస్తే ఆవిడన్నది భరతుణ్ణి. స్టీలు మీద పడిన చుక్క చెరగదు. వేరొకరి పేరున్న గిన్నెని ఎవరూ కొనరు. అందుకని అలాంటివన్నీ సత్యలింగం ఇంటికి చేరేవి. నన్ను కొట్లో వదిలితే పోతానని ఆయనకి భయం. చొక్కా జేబులో వేసుకుని భోజనానికి ఇంటికి తీసుకెళ్ళేవాడు. అలా ఆయన భార్య భ్రమరాంబ నాకు పరిచయం.

ఆవిడ వంటింట్లో ఉన్నవన్నీ ఊళ్ళోవాళ్ళ పేర్లే. మొదట్లో ఆవిడకి అదొక సరదా. "ఇవాళ పప్పు సత్యనారాయణ గారింట్లో ఉడికిందండి, కాస్త అడుగంటింది" అనేది. "లక్ష్మణరావు గారిలో మజ్జిగుంది, పొయ్యమంటారా?" అనేది. సత్యలింగం పొలమారేలా నవ్వేవాడు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో గిన్నెల మీద వేళాకోళమే సందడి. జేబులోంచి వింటూ ఉంటే నాకు ఆ మధ్యాహ్నాలు ఎంత బావుండేవో చెప్పలేను.

ఆయన ఆవిణ్ణి "ఇదిగో" అని పిలిచేవాడు. బజారులో ఆవిణ్ణి గిన్నెల కొట్టు వారి ఆవిడ అనేవారు. వీధిలో వాళ్ళకి పిన్నిగారు. అమ్మా అని పిలవడానికి పిల్లలు లేరు. ఎలమంచిలిలో ఉన్న వాళ్ళమ్మ ఒక్కతే భ్రమరా అని నోరారా పిలిచేది. ఆ తల్లి ఒక ఎండాకాలం పోయింది.

కర్మలు అయి తిరిగొచ్చిన కొన్నాళ్ళకి భ్రమరాంబ కొట్టుకి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి వచ్చి, అందరిలాగే పీట మీద కూర్చుని ఒక చెంబు తీయించుకుంది. వేలు మడిచి కొట్టి విని, తల ఊపింది.

"దీని మీద నా పేరు కొట్టండి" అంది.

సత్యలింగం అటూ ఇటూ చూశాడు. ఎదుట బేరాలున్నాయి. "ఇంట్లో ఉండే మనిషివి, నీకు పేరెందుకే? నీ చెంబు ఎవరెత్తుకుపోతారు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎత్తుకుపోతారని కాదండీ. అమ్మ పోయాక ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఎక్కడో అక్కడ రాసి ఉంటే బావుంటుందనిపించింది."

ఆయన చెంబు అందుకుని అంచు తడిమాడు. తర్వాత, "సరేలే, ఈ బేరాలవనీ. తీరిగ్గా కొడతాను. వొత్తులూ సున్నాలూ ఉన్న పేరు, హడావిడిగా కొడితే పాడవుతుంది" అని చెంబు తీసి పై అరలో పెట్టాడు. ఆవిడ నమ్మింది. నేనూ నమ్మాను. ఆ పేరు కొట్టాలని నాకెంత ఆశగా ఉండేదో! అంతవరకూ నేను కొట్టిన పేర్లలో నాకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

సత్యలింగం చెడ్డవాడు కాడు. కొట్టకూడదని ఆయన అనుకోలేదు. ముందు పెళ్ళిళ్ళ రోజులు, ఊపిరాడలేదు. ఆషాఢం వచ్చింది, కొట్టు ఖాళీ, కానీ శూన్యమాసంలో పేరెందుకన్నాడు. శ్రావణంలో మళ్ళీ జనం. "ఏవండీ, ఆ చెంబు…" అని ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగేది. "రేపు" అనేవాడు. బయటివాళ్ళయితే అక్కడే కూర్చుని కొట్టించుకుని పోతారు. ఇంట్లో మనిషి కాబట్టి ఆగాల్సి వచ్చింది.

ఒకరోజు ఎవరో పెళ్ళివారు వచ్చి సామానంతా ఒకే రకంలో కావాలన్నారు. అన్నీ కుదిరాయి గానీ చెంబు ఒకటి తక్కువైంది. సత్యలింగం చెయ్యి పై అరలోకి వెళ్ళింది. నేను చూస్తూనే ఉన్నాను, అరవడానికి నాకు నోరు లేదు. దుమ్ము తుడిచి, ఆ చెంబు మీద ఎవరో పెళ్ళికొడుకు పేరు నాతోనే కొట్టించాడు. భోజనానికి కూర్చున్నాక గానీ ఆయనకి ఆ సంగతి తట్టలేదు.

"ఆ చెంబు… పెళ్ళివారికి ఇచ్చేశానే. ఇంకోటి తీసి ఉంచుతాను."

భ్రమరాంబ చారు పోసి గరిటె కింద పెట్టింది. "ఇంకోటి వద్దులెండి" అంది.

అంతే. గొడవ లేదు, ఏడుపు లేదు. మళ్ళీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి పప్పు పప్పుగానే ఉడికింది, మజ్జిగ మజ్జిగగానే వచ్చింది. ఎవరింట్లోనూ ఏదీ అడుగంటలేదు. ఆ నిశ్శబ్దంలో మధ్యాహ్నం భోజనం ఎంత త్వరగా అయిపోయేదో! ఆయన చెయ్యి కడుక్కుని కొట్టుకి వెళ్ళిపోయేవాడు. ఆవిడ తలుపు వేసుకునేది.

తర్వాత బజారు మారింది. కరెంటుతో పేర్లు రాసే మిషను వచ్చి, గిర్రుమంటూ క్షణంలో వంకర్ల సొగసుతో రాసిపడేసింది. నేను జేబులోంచి సొరుగులోకి మారాను. కొన్నేళ్ళకి ఆ మిషనుక్కూడా పని లేకపోయింది. "పేరు వద్దండీ, గీతలు పడతాయి, గిఫ్టు ప్యాక్ చేసివ్వండి" అనేవారు. పక్కన బట్టల కొట్టు పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి. పచారీ కొట్టుకి అద్దాల తలుపులు పెట్టారు, మిరపకాయల ఘాటు బయటికి రావడం మానేసింది. గిన్నె మీద వేలితో కొట్టి వినే మనిషి కనిపించలేదు. ధర నచ్చక వెళ్ళినవాళ్ళు ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయారు. సొరుగులో మేకులతోనూ తాళంచెవులతోనూ పడి ఉండి, షట్టరు తీసిన చప్పుడూ వేసిన చప్పుడూ మాత్రమే వింటూ నేను ఎన్నేళ్ళు గడిపానో నాకు లెక్క లేదు. చివరికి సత్యలింగం కొట్టు అమ్మేశాడు. మిగిలిన సామాను కాగితాల్లో చుట్టి ఇంటి హాల్లో ఒక మూల పేర్చాడు. నన్నూ సుత్తినీ కిటికీలో పెట్టాడు.

ఇప్పుడు గిన్నెలున్నాయి, నేనున్నాను, ఆయనకి కావలసినంత తీరిక ఉంది. ఒకరోజు నన్ను తీసి తువ్వాలుతో తుడిచాడు. "నీ పేరు కొట్టనా?" అన్నాడు వంటింటి వైపు తిరిగి.

"ఇప్పుడెందుకులెండి. చూపానడం లేదు, వేలి మీద కొట్టుకుంటారు" అంది ఆవిడ.

ఆయన మీద జాలితోనే అంది. కానీ ఆ మాట పట్టుకుని ఆయన హమ్మయ్య అనుకుని నన్ను మళ్ళీ కిటికీలో పెట్టేశాడు. ఇంకొక్కసారి అడిగి ఉంటే ఆవిడ ఒప్పుకునేదని నా నమ్మకం. ఆయన అడగలేదు.

ఆ వానాకాలంలోనే జ్వరం తగిలి భ్రమరాంబ పోయింది.

సత్యలింగం అక్క అప్పయ్యమ్మ పాయకరావుపేట నుంచి వచ్చి పనులన్నీ చూసుకుంది. "పన్నెండో రోజుకి వచ్చినవాళ్ళ చేతిలో తలో గిన్నె పెట్టాలిరా. మరదలి పేరు ఉండాలి. మిషనువాణ్ణి పిలవనా?" అంది.

"వద్దక్కా. నేను కొడతాను."

అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాడు. ఆయనకి చూపానడం లేదు, నా మొన అరిగిపోయింది. ఎన్నాళ్ళో ఎదురుచూసిన పేరు ఇలా నా దగ్గరికి వచ్చింది. కీర్తిశేషులు అని ముందు, జ్ఞాపకార్థం అని వెనక. మధ్యలో భ్రమరాంబ. సుత్తి దెబ్బ దెబ్బకీ నాకు ఏడుపొచ్చింది. చుక్కలు వంకరగా పడ్డాయి. అటుగా వెళ్ళేవాళ్ళు ఆగి, మిషనయితే చక్కగా వచ్చేదండీ అన్నారు. ఆయన తలెత్తలేదు.

ఆఖరుగా ఒక చెంబు తీసుకున్నాడు. దాని మీద ముందు మాటా లేదు, వెనక మాటా లేదు. ఒక్క పేరే, అది కూడా అన్నిటికన్నా నిదానంగా కొట్టాడు. అప్పయ్యమ్మ చూసి, "ఇదేంట్రా, జ్ఞాపకార్థం వెయ్యలేదు?" అంది.

"ఇది ఇంట్లోకి" అన్నాడు.

పన్నెండో రోజున వచ్చినవాళ్ళు భోంచేసి, గిన్నెలు సంచుల్లో వేసుకుని వెళ్ళారు. అందరూ అయిపోయారనుకుంటుండగా ఒక ముసలావిడ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎలమంచిలిలో భ్రమరాంబ వాళ్ళమ్మకి పొరుగావిడట. ఎవరూ కబురు పెట్టకపోయినా, విని బస్సెక్కి వచ్చింది.

"మా భ్రమర గిన్నె నాకూ ఒకటియ్యి బాబూ" అంది. "నా ఎదురుగా పెరిగిన పిల్ల. భ్రమరా అని కేకేస్తే చాలు, పావడా ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చేది."

ఆ పేరుతో పిలిచిన మనిషి ఇంకా బతికే ఉందని సత్యలింగానికి అప్పుడే తెలిసింది. చుట్టూ చూశాడు. గిన్నెలు ఒక్కటీ మిగల్లేదు. లోపలికి వెళ్ళి ఆ చెంబు తెచ్చి రెండు చేతులతో ఆవిడకిచ్చాడు. ఆవిడ అక్షరాల మీద వేలు పెట్టి తడుముకుంటూ బస్టాండుకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ పేరు అనకాపల్లిలో ఉంది, ఎలమంచిలిలో ఉంది, కాకినాడలో ఉంది. ఎవరింట్లోనో అందులో పెరుగు తోడుకుంటోంది. ఈ ఇంట్లో మాత్రం లేదు. నేను కిటికీలో ఉన్నాను. వాన జల్లు పడి నాకు తుప్పు మొదలైంది. కొట్టడానికి పేర్లు లేవు.

అందరూ వెళ్ళిపోయిన ఆ మధ్యాహ్నం సత్యలింగం వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "భ్రమరా" అని పిలిచాడు. ఆ పేరు ఆయన నోటికి అలవాటు లేదు, కొత్త మనిషిని పిలిచినట్టు సిగ్గుపడుతూ పిలిచాడు. సరిగ్గా వినపడలేదేమోనని కాబోలు, ఇంకోసారి, ఈసారి కాస్త గట్టిగా పిలిచి, అక్కడే నిలబడి ఉండిపోయాడు.