ఎదిగే పిల్లలకు సముద్రం

కరీంనగర్‌లోని పటాల దుకాణంలో సముద్రాన్ని మీటర్ల లెక్కన కోసి ఇస్తున్నారు. దుకాణాయన తానును బల్ల మీద పరిచి, అల విరిగేచోట కత్తెర ఆనించి, నా మొహం చూస్తున్నాడు.

నేను వచ్చింది పిల్లలకు భూగోళం సామాను ఎంచడానికి. కూతురు సౌజన్యకు పదిహేనేళ్లు, కొడుకు రుత్విక్‌కు పదమూడు. వాళ్లను బడికి పంపను. ఇంట్లో నేనే పాఠాలు చెబుతాను. మా వంశంలో డిగ్రీ చదివింది నేనొక్కణ్నే కాబట్టి, ఆ చదువంతా ఎక్కడా ఒలికిపోకుండా వాళ్లకే దక్కాలని నా కోరిక. సౌజన్య ఇంతవరకు సముద్రం చూడలేదు. పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఆ ఒక్కటే తెమ్మంది.

గ్లోబులు ఒక మూల గడ్డిలో పుచ్చకాయల్లా ఉన్నాయి. వేలితో తట్టి చూస్తాను. ఒక్కటీ పండినట్టు లేదు. హిమాలయాలు మూత పెట్టిన గంపలో ఉన్నాయి. చలి బయటికొస్తుందని మూత తీయనివ్వరు. చివరికి సముద్రం దగ్గరికే వచ్చి తానును తడుముతాను. చల్లగా ఉంది. అంచు నుంచి ఇసుక రాలుతోంది.

"ఎదిగే పిల్లలంటున్నరు గద సార్, జర వదులుగ తీస్కోన్రి" అంటాడు దుకాణాయన. "బిగుతుది తీస్కపోతే యాడాదికే పొట్టిగైతది."

"పరీక్షల ఇదంత అడుగుతరా?"

"అడగరు. పరీక్షకైతే గీత సాలు."

పరీక్షలో అడగనిదాన్ని ఇంటికి మోసుకుపోవడం నాకు తప్పుగా తోస్తుంది. అవుట్‌లైన్ మ్యాపులు తీసుకుంటాను. వాటిలో ఏమీ ఉండదు, దేశం చుట్టూ సన్నని గీత తప్ప. పదో తరగతిలో నేను చదివిన భూగోళం ఇదే. చెప్పిన ఊరి దగ్గర చుక్క పెట్టి, పక్కన పేరు రాయాలి. మ్యాప్ పాయింటింగ్‌లో నాకు ఎప్పుడూ మార్కులు తగ్గలేదు. ఆ ఊళ్లలో ఒక్కదాన్నీ నేను చూడలేదు.

ఇంటికి వచ్చి వాటిలో ఒక పటాన్ని నేల మీద పరుస్తాను. అది గోడల దాకా పాకి ఆగుతుంది. ఆ తర్వాత ఇంట్లో గదులు ఉండవు. చుట్టూ గీత, మధ్యలో తెలుపు. నా భార్య సుగుణ కంగారు పడదు. పొయ్యి ఉండాల్సిన చోట చుక్క పెట్టి, పక్కన 'పొయ్యి' అని రాసి, దాని మీద పప్పు పెడుతుంది. రుత్విక్ కిటికీకి చుక్క పెట్టి బయటికి చూస్తాడు. నా కన్నా చక్కగా పెడుతున్నాడు చుక్కలు. సౌజన్య మాత్రం తూర్పు గీత దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

"బాపూ, గీ గీత అవుతల ఏముంటది?"

"బంగాళాఖాతం బిడ్డా."

"పేరు రాస్తే సరిపాయెనా?"

"సరిపాయె. మార్కు పడ్డట్టే."

ఆమె గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, ఆ తెల్లటి చోట చెవి ఆనిస్తుంది. చాలాసేపు అలాగే ఉంటుంది.

"అక్కా, చెవుల నీళ్లు వడ్డయేమో. ఒంపుకో" అంటాడు రుత్విక్.

సౌజన్య తల పక్కకు వంచి ఒంపుతుంది. ఏమీ రాలదు.

"సప్పుడే లేదు బాపూ."

"సప్పుడుకు మార్కుల్లేవు" అంటాను. అన్న వెంటనే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. అప్పటికే అది పటం అడుగున అచ్చయి ఉంది.

పిల్లలు పటం లోపల పెరుగుతున్నారు. మేం అన్నం తినడం ముగించేలోపే గీత సౌజన్య భుజాలను ఒరుసుకుంటోంది. ఆమె కాళ్లు ముడుచుకుంటుంది, తర్వాత మెడ వంచుకుంటుంది. సుగుణ లేచి వచ్చి, కొత్త జాకెట్టు బిగుతు చూసినట్టు, గీతకూ కూతురి వీపుకూ మధ్య వేలు పెట్టి చూస్తుంది. వేలు దూరదు.

"పిల్లల బట్టలు ఎన్నడన్న సరీగ్గ తెస్తమా? ఇంకో రెండేండ్లకు ఆగేటట్టు తెస్తం" అంటుంది నాతో. "మీరు సదువొక్కటే కొలత వెట్టి తెచ్చిన్రు."

నేను దుకాణానికి పరుగెత్తుతాను. సముద్రం తాను అయిపోయింది. దుకాణాయన బల్ల మీది ఇసుకను చీపురుతో ఊడుస్తున్నాడు.

"జరంత గూడ మిగల్లేదా?"

"ఇప్పుడు పిల్ల ఎంత ఎత్తుంటది సార్?"

చేత్తో చూపిస్తాను. నా చెయ్యి నా తల దాటి పైకి పోతుంది. ఇంకా పోయి పైకప్పుకు తగులుతుంది.

ఆయన చీపురు పక్కన పెడతాడు. "ఇగ ఆమెకు మీరు సముద్రం తెచ్చియ్యలేరు సార్. ఆమెనే పోవాలె" అంటాడు మెల్లగా.

నేను ఇంటికి చేరేసరికి సౌజన్య గీత దాటి తూర్పుగా నడుస్తోంది. అక్కడ చుక్కలు లేవు, పేర్లు లేవు. నేను నేర్పింది ఏదీ అక్కడ ఆమెకు అక్కరకు రాదు. రుత్విక్ కూడా గీత అవతల ఒక కాలు పెట్టి, నన్ను చూసి, వెనక్కి తీసుకుంటాడు. కూతురు వెళ్లినందుకు కన్నా, కొడుకు ఆ కాలు వెనక్కి తీసుకున్నందుకే నాకు ఎక్కువ బాధగా ఉంది.

"అన్నం తిని పో బిడ్డా" అని కేకేస్తాను. ఆమె కడుపు నిండే ఉందని నాకు తెలుసు. ఆమె వింటుంది, తల ఊపుతుంది, ఆగదు.

దూరం పోయేకొద్దీ మనుషులు చిన్నగా కనబడతారని నేనే పాఠం చెప్పాను. సౌజన్య పెద్దదవుతోంది. ముందు చింతచెట్లు ఆమె మోకాళ్లకు వస్తాయి, తర్వాత గుట్టలు. సాయంత్రానికి ఆమె తల మబ్బుల్లో ఎక్కడుందో తెలియదు. ఆకాశం అంచున ఒక్క పాదం కనబడుతోంది, తడిగా, నిలకడగా. ఎక్కడెక్కడి ఓడలూ దాని చుట్టూ చేరుతున్నాయి. ఓడలవాళ్లు నిచ్చెనలు వేసుకుని ఎక్కి, ఆమె కాలి పట్టీ మువ్వలకు తాళ్లు కట్టుకుంటున్నారు.