బావ వేలి నెత్తురు

మా బావ చెంచయ్య కుడిచేతి మణికట్టు విరగ్గొట్టింది నేనే. మా అక్క మొగుడు, యాభై రెండేళ్ల మనిషి, నన్ను భుజాల మీద మోసి పెంచినవాడు. తుమ్మకర్రతో ఒక్కటే దెబ్బ. ఎముక పుటుక్కుమనడం నా చెవులతో విన్నాను. కొండయ్య కొడుకు ప్రాణం కాపాడానని ఊళ్లో నన్ను ఇప్పటికీ మెచ్చుకుంటారు. వింటే ఒళ్లు మండుతుంది. అసలు ఆ గొడ్డలి లేచిందే నా వల్ల.

బావకు సుగర్ అని తేలి అప్పటికి నెలన్నర. కాలి మీద పుండు మానకపోతే మార్కాపురం తీసుకెళ్లాం. మూడువందల నలభై రెండు అన్నారు. "దినామూ గొర్రెల ఎంట పది మైళ్లు నడుస్తా. నాకెట్ల వస్తాది సుగరు? కుర్చీలో కూసునేటోళ్ల రోగం గదా అది!" అని బావ డాక్టరుతోనే జగడానికి దిగాడు. కోపం ఆయనకు ఉగ్గుపాలతో వచ్చింది. మనుషుల మీద చెయ్యి లేవని వారం ఉండదు. గొర్రె మీద మాత్రం ఏనాడూ దెబ్బ వెయ్యలేదు.

ఇంట్లోనే చూసుకునే మిషను కొనుక్కోమన్నాడు డాక్టరు. మా ఇంట్లో ఇంటరు దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అది నా చేతికొచ్చింది. వేలు గుచ్చడం, చుక్కను స్ట్రిప్పుకు తాకించడం, అంకె చదవడం. ఇంత మాత్రానికే నేను సగం డాక్టర్నయిపోయాను. బావ నన్ను "సూది సారూ" అని వెక్కిరించేవాడు. ఆ సారుగారి పొగరు చూడాలి మీరు! చెయ్యి సబ్బుతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు గుచ్చాలని మిషనుతో వచ్చిన కాగితంలో రాసుంది. మొదటి వారం కడిగించాను కూడా. తర్వాత ఆ కాగితం చెప్పేదేమిటిలే అనుకున్నాను.

ఆ రోజు తెల్లవారుజామున ఒక గొర్రె ఈనింది. ఈనిన గొర్రెకు బెల్లం తినిపించడం మా ఇళ్లలో తాతల నాటి నుంచి ఉన్నదే. బావ బెల్లం పిసికి దాని నోట్లో పెట్టి, చెయ్యి పైగుడ్డకు తుడుచుకుంటూ వచ్చి నా ముందు వేలు చాపాడు. నేను గుచ్చేశాను. నాలుగువందల పదకొండు.

"ఏం తిన్నావు బావా?"

"మంచినీళ్లు తాగినా."

"నాకు సెప్పొద్దు. దొంగతిండి తింటున్నావు నువ్వు. అక్కే పెడతాంది."

బావ లెంపకాయ కొట్టాడు. నేను రొమ్ము పట్టి తోశాను. మధ్యలోకొచ్చిన అక్క శ్రీశైలమ్మకు నా మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. అయినా నేను ఆగలేదు. "ఇట్లే ఉంటే కాలు తీసేస్తారు. మోకాలి దాకా కోసి పారేస్తారు. ఒంటికాలితో గొర్రెలెట్ల కాస్తావో కాయి!" అని అరిచాను.

బావ ముఖంలో నెత్తురు లేదు. ఆయన భయపడడం నేను చూడడం అదే మొదటిసారి.

"ఏం జెయ్యాల్రా మల్ల?"

"మాత్ర ఒకటి కాదు, రెండెయ్యి. ఈ పొద్దు సంగటి గూడా బంద్. సల్ల తాగి పో."

కోపిష్టి మనిషి భయపడితే పసిపిల్లల కన్నా బుద్ధిగా మింగుతాడు. రెండు మాత్రలు మింగి, చల్ల తాగి, గొడ్డలి భుజాన వేసుకుని మందను తోలుకుపోయాడు. నెలన్నరలో ఆయన నా మాట విన్నది ఆ ఒక్కసారే.

మిట్టమధ్యాహ్నం కొండయ్య చేలో కూలికి పోయిన మాలకొండమ్మ రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "ఒరే కోటీ, బిన్న రారా! మీ బావ గొర్రెలను నరుకుతున్నాడు!"

దొడ్డి తడికె కడుతున్నవాణ్ణి, చేతిలో ఉన్న తుమ్మకర్రతోనే పరిగెత్తాను. మంద మొత్తం పూతకొచ్చిన కంది చేలో పడి ఉంది. గట్టు మీద మా పెద్ద పొట్టేలు, మెడ సగం తెగి, కాళ్లు కొట్టుకుంటోంది. నెత్తురు దాని కొమ్ముల దాకా చిమ్మింది. దాని పక్కనే కొండయ్య కొడుకు సురేష్ కూలబడి ఉన్నాడు. గొర్రెలను తోలమని అడగబోతే బావ గొడ్డలి వెనక మొద్దుతో కొట్టాడట, నెత్తి పగిలి నెత్తురు కళ్లలోకి కారుతోంది. బావ చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. కళ్లు నా వైపే ఉన్నాయి, నన్ను మాత్రం గుర్తుపట్టలేదు.

"తాగినాడు నాకొడుకు, కొట్టండి!" అని కొండయ్య అరుస్తున్నాడు. కర్రలు పట్టుకున్న కూలోళ్లు నలుగురూ దగ్గరికి పోలేక తిరుగుతున్నారు. బావ గొడ్డలి మళ్లీ ఎత్తాడు. ఈసారి అది సురేష్ మెడ మీదికి దిగేదే. అప్పుడు కొట్టాను నేను.

గొడ్డలి పడింది. ఆ తర్వాత నలుగురూ ఆయన మీద పడ్డారు. కర్రలతో, కాళ్లతో, ఎక్కడ తగిలితే అక్కడ. దాచుకోవడమెందుకు, నేనూ తన్నాను. చచ్చిన పొట్టేలు మీద కోపం, తాగొచ్చాడన్న కోపం, పొద్దుటి లెంపకాయ కోపం, అన్నీ కలిపి డొక్కలో తన్నాను. తర్వాత మోటారు షెడ్డు స్తంభానికి కట్టేశాం.

కడుతున్నప్పుడు ఆయన ఊపిరి నా ముఖానికి తగిలింది. సారా వాసన లేదు.

అప్పటికి అక్క వచ్చింది. నాలుగువందల అంకె విన్నప్పటి నుంచి ఆమెకు కాలు నిలవలేదట, మళ్లీ చూద్దామని మిషను చెంగున కట్టుకుని చేను దారి పట్టింది. మొగుణ్ణి ఆ స్థితిలో చూసి ఏడవలేదు. ఎర్రగా తడిసిన చెయ్యి పట్టుకుని చూసింది. "ఇందులో ఈయన నెత్తురేదో, పొట్టేలుదేదో ఎట్ల తెలుస్తాది?" అంటూ కూలోళ్ల బిందెలోని నీళ్లు పోసి వేళ్లు ఒక్కొక్కటే కడిగింది. కొంగుతో తుడిచింది. తనే గుచ్చింది.

ముప్పై ఎనిమిది.

డెబ్భైకి దిగితేనే ప్రమాదమనీ, ఇంకా పడిపోతే మనిషికి మతి తప్పుతుందనీ, ప్రాణమే పోవచ్చనీ ఆ కాగితంలోనే ఉంది.

"పొద్దున సెయ్యి కడిగించినావారా? బెల్లం సెయ్యి గదా అది!" అంది అక్క.

నాలుగువందల పదకొండు బావ ఒంట్లోది కాదు, వేలికంటిన బెల్లానిది. లేని చక్కెరకు నేను రెండు మాత్రలు వేయించి, కూడు మాన్పించి పంపాను.

కట్లు తెంచేశాను. బావ పక్కకు ఒరిగిపోయాడు. నోటి వెంట చొంగ, ఒంట్లో వణుకు. ఇప్పుడు చక్కెరే మందు. గట్టున కూలోళ్ల టీ క్యాను కనిపిస్తే దూకాను. కొండయ్య నా గొంతు పట్టాడు.

"సుగరోనికి టీ పోస్తావా? నా సేన్లో సంపి, పీనుగును నా మెడకు సుడతావా? పోలీసులు రానీ!"

ఆయన్ని ఎత్తి మడిలో పడేశాను. లేచి వస్తుంటే, కొడుకు పక్కన కూర్చున్న ఆయన భార్య కృష్ణవేణమ్మ చెయ్యి అడ్డం చాపింది. రెండో చేత్తో కొడుకు నెత్తికి గుడ్డ అదిమి పట్టుకునే ఉంది.

"మనోడు మాట్లాడతన్నాడు. ఆయనకు మాట పడిపోతాంది. పొయ్యనీ."

బావ పళ్లు గిట్టకరిచాడు. అక్క ఆయన్ని తన రొమ్ముకు ఆనించి కూర్చోబెట్టింది. టీలో ముంచిన వేలు చిగుళ్ల మీద రాశాను. కొరికాడు. చర్మం తెగి గోరు ఊగింది, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మళ్లీ రాశాను. కొంతసేపటికి గుటక పడింది. అప్పుడు చుక్క చుక్కగా గ్లాసు అందించాం.

పావుగంటకు కళ్లు తెరిపిన పడ్డాయి. "కోటిగా, సెయ్యి లేవడం లేదురా" అన్నాడు. తర్వాత తల తిప్పి గట్టు మీదికి చూశాడు. పొట్టేలు అప్పటికి కదలడం మానేసింది.

"ఎవుర్రా నరికింది?"

కొట్టిన నలుగురూ, నెత్తి పగిలిన సురేష్ కూడా నేల చూపులు చూశారు.

"సెప్పండ్రా. నా బిడ్డను నరికినోడు ఎవుడ్రా? వాని గొంతు కోస్తా!"

"నేనే బావా" అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు అనిపించలేదు.

బావ ఎడమచేత్తో నా గొంతు పట్టాడు. పట్టులో బలం లేదు, చంపాలన్న కసి మాత్రం కళ్లలో నిండా ఉంది. అక్క ఆ చేతిదే ఒక వేలు తుడిచి గుచ్చింది. యాభై నాలుగు. ఇంకా చాలదు.

"సంపుదువులే బావా, ముందు ఇంకో గలాసు తాగు" అన్నాను.