చిన్నవాడి భాగం

పంచుకోవలసినవన్నీ పంచుకున్నాక ఆ ఇంట్లో కంప్యూటరొక్కటే మిగిలింది.

ఆళ్లగడ్డలో రోడ్డువార రాతిశిల్పాల పాకలు వరుసగా ఉండేచోట సంజీవయ్యకూ అతని తమ్ముడు భరణికీ ఒకే పాక ఉండేది. నాయన పోయాక కూడా కొన్నేళ్లు ఇద్దరిదీ ఒకే పొయ్యి, ఒకే కూడు. పిల్లలు పెరిగి, ఇల్లు ఇరుకై, రెండువేల మూడు వేసవిలో వాళ్లు వేరుపడ్డారు. కోపాలు లేవు, కేకలు లేవు. ఒక మాట ఎక్కువ కాలేదు, ఒక మాట తక్కువ కాలేదు. భరణిని కలతపెట్టింది ఆ నెమ్మదే. వేరు పోదామన్న మాట మొదట తన నోటినుంచే వచ్చింది. అన్న సరేనన్నాడు. ఆ సరే వెనక నొప్పి ఉందో, కోపం ఉందో, ఏమీ లేదో తెలియక అతడు రోజూ అన్న మొహం చదవబోయేవాడు. రాతిమీద గీత కనబడినంత తేలిగ్గా ఆ మొహంలో ఏదీ కనబడేది కాదు.

పంపకానికి వాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు భాగాలు పెట్టాలి, చిన్నవాడు ముందుగా కోరుకోవాలి. పెద్దవాడు భాగాలు పెడుతున్నంతసేపూ చిన్నవాడు అక్కడ నిలబడకూడదు. నిలబడితే అన్నను నమ్మనట్టే. ఉలులు, సుత్తులు, నల్లరాతి దిమ్మెలు, సగం చెక్కిన ద్వారపాలకులు అన్నీ అలాగే పంచుకున్నారు. ప్రతిసారీ భరణి ఎదురుగా ఉన్న దావీదు టీ బంకు దగ్గరికి పోయి కూర్చునేవాడు, అన్న పిలిచాక వచ్చి వేలు చూపేవాడు.

కంప్యూటరు ఇద్దరూ కలిసి నంద్యాలలో పాతది కొన్నది. భరణి అక్కడే ఒక సెంటరులో పని నేర్చుకుని, నాయన గీసిన బొమ్మలన్నిటినీ స్కాను చేయించి అందులో పెట్టాడు. ఆ తరువాతి వానాకాలం అటకమీది కాగితాలను చెదలు తినేసింది. అప్పటినుంచీ నాయన గీతలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. గోస్పాడులో నాయన నిలిపిన నందిలాంటిదే మాకూ కావాలని గడివేములవాళ్లు అడిగారు. ఆ నంది కొలతలు కూడా అందులోనే ఉన్నాయి.

పెట్టెను రెండు చేయలేరు గనక, లోపలి హార్డ్ డిస్కును రెండు భాగాలు చేద్దామన్నాడు భరణి. ఉన్నది చెడకుండా మధ్యన గీత గీసే సీడీ ఒకటి అతని దగ్గర ఉంది. ఇకమీదట ఎవరి పని వాళ్ల భాగంలో పెట్టుకోవచ్చునన్నాడు. అన్నను కుర్చీలో కూర్చోబెట్టి, గీతను ఇక్కడ పట్టుకుని ఇలా జరపాలి, చివర ఇది నొక్కాలి అని చూపించాడు. చూపించి, పద్ధతి ప్రకారం బయటికి వెళ్లిపోయాడు. కంప్యూటరు తెలిసినవాడు టీ బంకులో కూర్చున్నాడు, తెలియనివాడు మౌసు పట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు.

పిలుపు వచ్చింది. తెరమీద రెండు గడులు సరిసమానంగా ఉన్నాయి. మొదటిదాంట్లో విండోసు, నాయన బొమ్మలు, ఉన్నదంతా ఉంది. రెండోది ఖాళీ.

"కోరుకో," అన్నాడు సంజీవయ్య.

"రెండోది."

"ఖాళీది కదరా అది."

"నాయన బొమ్మలు నీ పక్కనే ఉండనీలేన్నా. గావాల్సినప్పుడు నేనొచ్చి చూసుకుంటా."

సంజీవయ్య మిగిలింది తాను చూసుకుంటానని, పోయి రాతికి నీళ్లు కొట్టమని పంపాడు. భరణి నీళ్లు కొట్టి వచ్చేసరికి తెర నల్లగా మారి ఉంది. ఆ నలుపులో ఒకే ఒక తెల్లని ఇంగ్లీషు వరుస కనబడింది. ఆపరేటింగ్ సిస్టమ్ లేదని దాని అర్థం.

ఆపి మళ్లీ వేశాడు. అదే వరుస. మూత విప్పి వైర్లు ఊడదీసి తగిలించాడు, మెమొరీ చిప్పును పిల్లల రబ్బరుతో రుద్ది పెట్టాడు. అదే వరుస.

"నేను పోయినాక ఇంకేమన్నా నొక్కినావాన్నా?"

"నేనేం నొక్కలే. నువ్వు చెప్పిందే నొక్కినా."

చెబుతూ సంజీవయ్య అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు నాయన ముందు అబద్ధమాడేటప్పుడు అన్న చేయి అలాగే పంచె మీదికి పోయేది. భరణి అది చూశాడు. చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. అన్న కావాలనే చేశాడా? వేరు పోదామన్న మాటకు ఇన్నాళ్లకు ఇది బదులా? పొద్దున దావీదు టీ గ్లాసు చేతికిస్తూ, "పోనీలేప్పా, నీకు దక్కకుంటే ఆయప్పకూ దక్కలే. సమానంగా పంచుకోవడమంటే అట్లుండల్ల," అని నవ్వాడు. నవ్వులాటకే అన్నాడు. ఆ మాట మాత్రం చెప్పులో పడిన రాతిపలుకులా భరణి వెంట నడిచింది.

పెట్టెను నంద్యాలకు తీసుకుపోతానని భరణి అంటే, ఒంటిగా పోవద్దు, నేనూ వస్తానన్నాడు సంజీవయ్య.

బస్సులో పెట్టెను దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. తమ్ముడు అడిగినా ఇవ్వలేదు. శిరివెళ్ల దాటాక రోడ్డు గతుకులమయం. బస్సు ఎగిరిన ప్రతిసారీ అతడు రెండు చేతులతో పెట్టెను ఒడిలోంచి పైకి లేపి పట్టుకునేవాడు, గతుకు తన ఎముకలకు తగలాలే తప్ప దానికి తగలకూడదన్నట్టు. చెక్కడం పూర్తయిన విగ్రహాన్ని బండి ఎక్కించేటప్పుడు కూడా అతడు అలాగే పట్టుకుంటాడు. పక్కనే కూర్చున్న భరణికి ఏమీ పాలుపోలేదు. చంపినవాడు ఇలా మోస్తాడా? లేక, చంపినందుకే ఇలా మోస్తున్నాడా?

నంద్యాల సంజీవనగర్‌లో మేడమీద ఉంది మమత కంప్యూటర్ సెంటరు. భరణికి పని నేర్పింది ఆమే. వయసులో అతనికంటే పెద్దదేమీ కాదు గానీ, నేర్పిన చనువుతో పేరు పెట్టి పిలుస్తుంది. పెట్టెకు తన తెర తగిలించి, జరిగిందంతా చెప్పించుకుంది. పంపకం పద్ధతి విని నవ్వబోయి, సంజీవయ్య మొహం చూసి ఆగిపోయింది.

మొదట ఆమె చూసింది, మిషనుకు డిస్కు అసలు కనబడుతున్నదా అని. "కనబడతాంది. డిస్కు బాగుంది, బయపడాకండి," అంది. తరువాత ఒక ఫ్లాపీ దూర్చింది. అది కాసేపు గరగరమని, మిషనును ఎలాగో లేపింది. ఆమె డిస్కులో ఏముందో చూపమని టైపు చేసింది. ఏమీ లేదని వచ్చింది.

సంజీవయ్య చేయి పక్కనున్న బల్ల అంచును పట్టుకుంది.

మమత తొందరపడలేదు. భాగాల పట్టిక తెప్పించి చాలాసేపు చూసింది. ఆ తరువాత కుర్చీ వెనక్కి జరిపింది.

"రెండు భాగాలూ ఉండాయి. దేనికీ ఏం కాలే. మిషను లేస్తానే ఒక భాగానికే పోతాది, ఆడున్న విండోసును నిద్ర లేపుతాది. యాడికి పోవాల్నో మనం ముందే గుర్తు పెట్టల్ల. ఈడ ఎవరో ఆ గుర్తు తీసి రెండోదానికి పెట్టినారు. అది ఖాళీ. ఆడికి పోయి, ఎవరూ ల్యాకుంటే నిలబడి పోతాంది." ఆమె భరణి వైపు తిరిగింది. "ఈ గుర్తు దానంతటది మారదు. ఎవరు మార్చినారు?"

పంచె మీదికి పోతున్న అన్న చేయి భరణికి కనబడింది. ఇన్నాళ్లూ తెలుసుకోవాలనుకున్నది ఇప్పుడు ఒక్క మాట దూరంలో ఉంది. అయినా, పరాయి మనిషి ముందు అన్న తల వంచుకోవడం చూడటం కంటే తెలియకపోవడమే మేలనిపించింది.

"నేనే మార్చింటా మమతా. చూసుకోలే," అన్నాడు.

"వాడు గాదమ్మా," అన్నాడు సంజీవయ్య. "వాడు ఆడ లేనేలేడు. నేనే మార్చినా."

భరణి అన్న వైపు తిరిగాడు.

సంజీవయ్య ఆమెతోనే మాట్లాడాడు, తమ్ముని వైపు చూడకుండా. "కోరుకోరా అంటే ఖాళీది కోరుకున్యాడు. నాయనవన్నీ నా పక్కనే పెట్టి పోయినాడు. వీడు పోయినాక చూస్తే, నా గడిమీద నువ్వు చెప్పే గుర్తే, చిన్న జెండా బొమ్మ ఉండాది. వీని గడిమీద ల్యా. ఇద్దరికీ పెడదామని చూసినా. ఒకటే పెట్టనిస్తాది. అన్నీ నాకేనా, జెండా అన్నా వానికి ఉండనీ, వాడే ముందుండనీ అని తీసి అట్ల పెట్టినా."

కింద రోడ్డుమీద ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"నేనడిగితే ఏం నొక్కలే అన్యావు కదన్నా," అన్నాడు భరణి.

"నాయన బొమ్మలు నా చేత్తోనే పోయినాయనుకున్యా. ఏం మొగం పెట్టుకొని చెప్పేది నీకు?"

ఇన్నాళ్లూ చదవరాని ఆ మొహాన్ని భరణి అప్పుడు చూశాడు. గడ్డం మాసి ఉంది, కళ్ల కింద నల్లబడి ఉంది. తనకు అన్నం సయించని రాత్రే అన్నకూ సయించలేదని అప్పుడు తెలిసింది. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. తాను అన్నను శంకించిన రోజు, అన్న తనకు జెండా ఇచ్చిన రోజే.

"జెండా మళ్ల పెద్దాయనకే పెడతాండా," అంది మమత. "ఈసారి ఎవరూ త్యాగాలు చేయాకండి. మిషను తట్టుకోలేదు."

ఆమె ఒక అంకె నొక్కి, ఫ్లాపీ తీసేసి, మిషను ఆపి మళ్లీ వేసింది. నలుపు వచ్చింది, నలుపులో అక్షరాలు వచ్చాయి, ఆ తరువాత విండోసు నీలి ఆకాశం వచ్చింది, తెల్లమబ్బులు వచ్చాయి. భరణి ఒక్కొక్క బొమ్మే తెరిచాడు. నాయన గీసిన నంది మోకాలు మడిచి కూర్చుని ఉంది. మెడలో గంటలు, ఆ గంటల పక్కన పొడి పెన్సిలుతో కొలతలు. సంజీవయ్య వేలు చాచి తెరను ముట్టబోయి, దుమ్ము చేతులని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"ఇవన్నీ వాని పక్కకు కూడా పెట్టే దోవ ఏమన్నా ఉందామ్మా?" అని అడిగాడు. "నా పక్క తక్కువైనా ఫర్వాలేదు."

తక్కువేమీ కాదని, కాపీ చేస్తే రెండు పక్కలా నిండుగానే ఉంటాయని మమత చెప్పింది. అది భరణికి బాగా తెలిసిన పనేనని కూడా అంది.

సంజీవయ్య తమ్ముని వైపు తిరిగాడు. "తెలిసి కూడా ఖాళీది కోరుకున్యావా?"

భరణి మౌసును అటూ ఇటూ కదిపాడు. చెప్పక తప్పదు. అన్న చెప్పాక తాను దాచుకోవడం న్యాయం కాదు.

"కాపీ చేసుకుంటే, మళ్ల నీ పక్కకు వచ్చే పని ఉండదు కదన్నా."

సంజీవయ్య చాలాసేపు అతన్నే చూశాడు. చూసి, మమతతో అన్నాడు:

"వద్దులేమ్మా. వాడొచ్చి చూసుకుంటాడంట."

చెదలు, ఉరుములు, కరెంటు పోకలు ఇవన్నీ చెప్పి, ఒక సీడీలోనైనా రాసిస్తానని ఆమె పట్టుబట్టింది. రాసి, అది తన సెంటరు బీరువాలోనే దాచిపెట్టింది.

మెట్లు దిగాక సంజీవయ్య ఆకలైతాందన్నాడు. రెండు పూటల ఆకలి అది. బస్టాండు దగ్గరి హోటల్లో ఉగ్గాని, బజ్జీలు చెప్పారు. జనం కిటకిటలాడుతున్నారు. దుప్పటి చుట్టిన పెట్టె మాత్రం ఒక కుర్చీ నిండా కూర్చుని ఉంది.

"ఏందప్పా ఇది, కుర్చీలో కుచ్చోబెట్టినారు? ఇదీ తింటాదా?" అన్నాడు హోటలు మనిషి.

సంజీవయ్య నోట్లోని బజ్జీ మింగి, ఆ వేసవిలో మొదటిసారిగా నవ్వాడు.

"తినదు గానీ, నేల మీద పెట్టనీయడు మా తమ్ముడు. దానికీ ఒక ప్లేటు రాసుకో."

భరణి తల వంచుకుని తింటూ ఉన్నాడు. బజ్జీ కారానికేమో, కళ్లు తుడుచుకున్నాడు.