పాళ్ళు మార్చిన టేపు

దవాఖానలకు పంపే టేపు చెమటకు ఊడిపోతోందని వేసవంతా ఒకటే ఫిర్యాదులు. మడికొండ దగ్గర ఆ టేపు చేసే చిన్న కంపెనీలో జిగురు పాళ్ళు చూసేది సుకన్య. రబ్బరులో కలిపే రెండు రకాల రెజిన్ బంకల్లో గట్టిదాన్ని తగ్గించి మెత్తదాన్ని పెంచింది. దాంతో జిగురు ఉడుంపట్టు పట్టింది. ఉక్కు పలక మీద అతికించి మిషన్‌తో లాగి చూస్తే ఎన్నడూ రానంత బలం చూపించింది. ముసలివాళ్ళ చేతుల మీద కూడా ఒకసారి చూడమన్నాడు మేనేజరు కుమారస్వామి. సుకన్య తన చేతికే వేసుకుని, పీకి, ఏమీ కాలేదని రాసేసింది. ఇరవయ్యారేళ్ళ చర్మానికి ఏమవుతుంది మరి! అందరూ మెచ్చుకుంటే మాత్రం మురిసిపోయి, ఓ చుట్ట ఇంటికి తెచ్చి పక్కింటివాళ్ళకూ చూపించింది.

నెల తిరిగేసరికి పక్కింటి మొగిలమ్మ జ్వరంతో వరంగల్‌లో ఓ దవాఖానలో చేరింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. సుకన్యను చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పింది. సుకన్య చూడబోయిన రోజే, నర్సు సెలైన్ సూది తీస్తూ టేపు లాగింది. టేపుతో పాటే ముసలమ్మ తోలూ ఊడి వచ్చింది. కొడుకు మహిపాల్ నర్సు మీదికి లేచి నోటికొచ్చినట్టు తిట్టాడు. మొగిలమ్మే ఆపింది.

"ఆ పిల్లనేమనకురా. నా తోలే పల్చగైంది."

ట్రేలో టేపు చుట్ట తమ కంపెనీదే. సుకన్య తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఉద్యోగం పోతుందని భయం, పరువు పోతుందని అంతకంటే భయం. ఇంటికి వచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు బత్తాయిలు పట్టుకుని మళ్ళీ వెళ్ళింది. పండ్లతో తప్పు కప్పెట్టుకోవచ్చనుకుంది కాబోలు. నర్సు రెండో చేతికి సూది పెట్టి, టేపు వేయడానికి జంకుతోంది. మొగిలమ్మ చెయ్యి ఇంకాస్త ముందుకు చాపింది.

"ఏం ఫికర్ జెయ్యకు బిడ్డా, అదే ఎయ్యి. మా సుకన్య జేసిన టేపే అది."

సుకన్య గబుక్కున నర్సు చెయ్యి పట్టుకుంది.

"వద్దు సిస్టర్, గుడ్డ కట్టుండ్రి. తప్పు అవ్వ తోలుది కాదు, మా జిగురుది. పాళ్ళు మార్చింది నేనే. ముసలోళ్ళ మీద జూడుమంటె జూడలే."

నర్సు గుడ్డ తేవడానికి వెళ్ళింది. ముసలమ్మ తిడుతుందని కాచుకుంది సుకన్య. తిట్టినా బాగుండేది.

"నిన్న ఆ పిల్ల తిట్లు తింటాంటె," అంది మొగిలమ్మ, "నువ్వు ఈడనే నిలవడ్డవు గద బిడ్డా."