వెనక వరస ఎర్రబడింది

మందుల గోదాములో ఏ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో గంటగంటకూ చూసి చెప్పే ప్రోగ్రాం ఒకటి ఉంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరి పైకి జారిపోతుంటాయి. ఆఖరున ‘పూర్తయింది’ అని పడుతుంది. గోదాము చూసుకునే పెద్దాయన ఆ ఒక్క మాటే చదివేవాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు.

"చీమల బారేనమ్మా ఇది. కళ్లు లాగేస్తున్నాయి. కాస్త రంగులేసి పెట్టవూ?" అని ఆ ప్రోగ్రాం బాగోగులు చూసుకునే అమ్మాయిని అడిగాడు.

ఆమెకది చిటికెలో పని. చల్లగా ఉన్న ఫ్రిజ్ ఆకుపచ్చ, వేడెక్కింది ఎరుపు, అదీ లావు అక్షరాల్లో. రంగు మొదలయ్యేచోట ఒక గుర్తు పెట్టాలి, అయిపోయాక మామూలుకు తెచ్చే గుర్తు ఇంకొకటి. ఆ రెండోది మరిచిపోతే కిందున్నదంతా అదే రంగులో మునిగిపోతుంది.

మధ్యాహ్నం బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూసింది. ముందు వరస ఫ్రిజ్‌లు ఆకుపచ్చగా వచ్చాయి. వెనక వరస మొదలవగానే ఎరుపు. ఆ కిందా ఎరుపే.

"ఇదేంటమ్మా, నెత్తురు కక్కినట్టు!"

"నా పొరపాటే బాబాయ్. ఆపే గుర్తు మరిచిపోయుంటాను," అని నవ్వింది. అంతలో ఆఖరి మాట పడింది, ఎప్పట్లా తెల్లగా.

ఆమె నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. గుర్తు మరిచిపోయి ఉంటే అదీ ఎర్రగానే రావాలి. అంటే ఆ ఎరుపు నిజమే.

ఇద్దరూ పరుగెత్తారు. వెనక ఫ్రిజ్‌లలో దీపాలు నిక్షేపంగా వెలుగుతున్నాయి. తలుపు తీసి చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా ఉంది. మోటార్లకు కరెంటిచ్చే తీగ మాడిపోయింది. దీపాలది వేరే తీగ. బాబాయ్ ఒక సీసా తీసి బుగ్గకు ఆనించి చూశాడు.

ఇద్దరూ వెనక్కొచ్చారు. ఆమె తెరను పైకి జరిపింది. నిన్నటి నుంచీ వెనక వరసకు అవే వేడి అంకెలు, తెల్లగా, అందరి కళ్లెదుటే.

"బాబాయ్, పొద్దున ఆసుపత్రికి పిల్లల టీకాలు ఏ వరసలోంచి పంపారు?"

 ఆయన వెనక వరస వైపు వేలు చూపించాడు.

 పొద్దున్నే ఆమె చెల్లెలు పసిదాన్ని ఎత్తుకుని ఎదురువీధి ఆసుపత్రికి వెళ్లింది. "మా గోదాము మందులే, భయం లేదు పో," అని పంపింది తనే.

ఆసుపత్రికి ఫోన్ చేసి, తడబడుతూనే అంతా చెప్పింది. డాక్టరమ్మ ముందు మిగిలిన సీసాలు పక్కన పెట్టించింది. తర్వాత, "పిల్లలకు హాని ఉండదు. కానీ ఆ టీకా వేసినా వెయ్యనట్టే. అందర్నీ మళ్లీ పిలవాలి," అంది.

బాబాయ్ వెనక వరసకు తాళాలు వేశాడు. చెల్లెలికి ఆమే చెప్పింది.

"వేసింది ఉత్త సూదా? గుక్కపట్టి ఏడ్చిందే అక్కా అది!"

"ఉత్తదేనే. మళ్లీ వేయించాలి."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మర్నాడు ఆసుపత్రి నిండా తల్లులే. బాబాయ్ గుమ్మంలో నిలబడి తిట్లన్నీ తలొంచుకుని పడ్డాడు. నర్సు పిలవగానే చెల్లెలు పాపను అక్క ఒళ్లో పడేసింది.

"ఈసారి నువ్వే పట్టుకో. నావల్ల కాదు."

సూది దిగింది. పాప కెవ్వుమని పెద్దమ్మ జడ అందుకుని పీకింది. ఆమె విడిపించుకోలేదు.