సీసం మీద రెండు చుట్లు

తడి కాగితాన్ని సీసపు తుపాకీ గుండు మీద రెండో చుట్టు తిప్పుతూ ఆర్డెన్ ఊపిరి బిగబట్టాడు. కాగితం అంచులు రెండూ కలవాలి గానీ ఒకదాని మీదికొకటి ఎక్కకూడదు. వెంట్రుకవాసి ఎక్కినా గుండు ఎటో పోతుంది. అంచులు కుదిరాయి. మిగిలిన తోకను మెలిపెట్టి గుండు అడుగున ఉన్న గుంటలోకి నొక్కి, కిటికీ గట్టు మీద ఆరబెట్టాడు. ఇంతలో దగ్గు తెర ముంచుకొచ్చింది. వయసంతా గోధుమ గోదాములో మింగిన దుమ్ము ఇప్పుడు వడ్డీతో సహా బయటికొస్తోంది.

"ఆ గుండుకి చేసే సేవలో సగం నాకు చేసుంటే మహారాణిలా ఉండేదాన్ని," అంది భార్య వెల్డా కాఫీ పోస్తూ.

"నువ్వు తిన్నగానే పోతావుగా. నీకు సేవెందుకే?"

తుపాకీ వెల్డా ముత్తాతది. ఆయన దానితో అడవిదున్నల్ని కొట్టేవాడట. ఆర్డెన్ మాత్రం పోయిన శరత్తులో ఒక పెద్ద దుప్పిని పొట్టలో కొట్టాడు. నెత్తుటి చుక్కలు పట్టుకుని పోతుంటే మంచు కురిసి జాడ కప్పేసింది. ఆ జీవి ఏ లోయలోనో కొట్టుకుని కొట్టుకుని చచ్చి ఉంటుంది. ఐదు గుళ్ళూ సాసరంత చోట పడేదాకా మళ్ళీ ప్రాణమున్న దాని మీద తుపాకీ ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాడు. వచ్చే శనివారం మోంటానాలో వేట కాలం మొదలు. ఇంకో ఏడాది చూస్తాడని డాక్టరు చెప్పలేదు, అతనూ అడగలేదు.

గుండు గట్టిదనం కోసం సీసంలో కలిపే తగరం పెంచి చూశాడు, తగ్గించి చూశాడు. పలచటి కాగితం, మందపాటి కాగితం, గుండు కింద మైనపు బిళ్ళ, అన్నీ అయ్యాయి. పాపం, ఏదీ కలిసి రాలేదు.

మధ్యాహ్నానికి కాగితాలు ఆరి బిగుసుకున్నాయి. గుళ్ళను తూటాల్లో కూర్చుకుని, ఊరి బయట కంకర గుంట దగ్గరికి ఇద్దరూ బండిలో వెళ్ళారు. ఎప్పటిలాగే వెల్డా ఊలు అల్లుతూ కూర్చుంది. అతను ఒక్కో గుండు కాల్చి, తుపాకీ గొట్టంలో మసి పోయేలా ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ తోశాడు. ఒకటి ఎడమకు పోయింది, ఒకటి పైకి పోయింది, ఒకటి అసలు గురి పెట్టిన చెక్క పలకకే తగల్లేదు. గొట్టం ముందు గడ్డిలో రాలిన కాగితం ముక్కలు ఏరి చూశాడు. చక్కగా, పొట్టిగా తెగాయి. అంటే కాగితం గుండును వదిలేస్తోంది, అతుక్కోవడం లేదు.

"తగరమే. ఇంకాస్త తగ్గించాలి," అన్నాడు.

వెల్డా అల్లిక పక్కన పెట్టింది. "ఇటివ్వు."

"నీకెందుకే?"

"చిన్నప్పుడు పొలంలో నేల ఉడతల్ని కొట్టినదాన్నే. ఇవ్వంటే!"

ఆమె ఐదు కాల్చింది. అతను ఆగి ఆగి పలక దాకా నడిచాడు. ఐదు చిల్లులూ సాసరు కింద దాగేటంత దగ్గరగా ఉన్నాయి. కాగితం మంచిదే. సీసం మంచిదే. ముత్తాత తుపాకీ బంగారం.

తిరిగొచ్చేసరికి ఆమె నేల చూపులు చూస్తోంది.

"పేలకముందే కళ్ళు మూసేస్తావు ఆర్డెన్. భుజం జంకుతుంది."

"ఎప్పట్నుంచి?"

"నాకు తెలిసినప్పట్నుంచీ."

"చెప్పి చావొచ్చుగా!"

"చెబితే ఆదివారాలు ఏం చేసుకునేవాడివి? గుళ్ళు చుట్టుకుంటూ సంతోషంగా ఉన్నావు. నోరు రాలేదు."

"అయితే ఆ దుప్పి పాపం నాదే," అన్నాడు అతను. ఆమె తుపాకీని బండి సీటు వెనక పెట్టింది.

తిరుగు దారిలో మొదటిసారి బండి ఆమెను తోలమన్నాడు. అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అలిగాడనుకుని ఆమె పలకరించలేదు. ఇంటి ముందు ఆపి, "దిగవయ్యా, బంగాళాదుంపలు వేయిస్తాను, నీక్కావలసినంత ఉల్లిపాయతో," అని చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

తర్వాత పాదిరి వచ్చాడు, గోదాము వాళ్ళు వచ్చారు, ఇరుగుపొరుగు గిన్నెల్లో తిండి తెచ్చారు. ఆర్డెన్‌ను మట్టి చేసి వచ్చిన సాయంత్రం, అల్లిక కోసం బండిలో వెతుకుతుంటే సీటు వెనక తుపాకీ తగిలింది. నల్ల తుపాకిమందుతో పేల్చిన తుపాకీని ఆ పూటే మరిగే నీళ్ళతో కడిగి నూనె రాయాలి. ఆ పని కాకుండా అతను ఏనాడూ అన్నానికి కూర్చోలేదు. వెల్డా దాన్ని తెరిచి వెలుతురుకేసి పట్టుకుంది. గొట్టం ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎర్రగా తుప్పు పట్టి ఉంది.